తొమ్మిదో తరగతి చరిత్ర: ‘శిల్ప విప్లవం’ దగ్గర ఆగిపోయిన మా అమ్మాయి

ప్రశ్న
పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. చిన్న బట్టల కొట్టు నడుపుతున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. కొట్టుకు వచ్చేవారిలో సగం మంది ఒడియావారు, సంత రోజున కొండ మీది నుంచి సవరవారు కూడా వస్తారు. మా అమ్మాయి ఒడియా మాధ్యమంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. లెక్కల్లో తరగతికంతటికీ ముందుంటుంది. అర్ధ సంవత్సర పరీక్షలో చరిత్రకు మాత్రం యాభైకి పదమూడు వచ్చాయి.

జవాబు పత్రం ఇంటికి తెచ్చింది. రాత్రి కొట్టు కట్టేసి వచ్చాక, తను నిద్రపోయాక, మొదటి నుంచి చివరి దాకా చదివాను. దస్తూరి ముత్యాల్లా ఉంది. ఒక్క ప్రశ్న కూడా వదిలిపెట్టలేదు. ‘శిల్ప విప్లవ’ ఫలితాలు రాయమని అడిగితే, గుళ్ళు కట్టించిన రాజులు శిల్పులకు కూలి సరిగా ఇవ్వలేదనీ, అందువల్ల వాళ్ళు తిరగబడ్డారనీ పావు పేజీ రాసింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన సున్నా. పొద్దున అడిగితే, “కోణార్కలో పన్నెండు వందల మంది శిల్పులు పన్నెండేళ్ళు పని చేశారు కదా నాన్నా, వాళ్ళ గురించే అనుకున్నాను” అంది. ఒడియాలో శిల్పమంటే పరిశ్రమ, శిల్ప విప్లవమంటే పారిశ్రామిక విప్లవం అని నాకు తెలుసు, రోజూ వింటున్న మాటే. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన పిల్లకు ఆ సంగతి చెప్పాలని నాకు ఏనాడూ తోచలేదు.

ఇంకొక ప్రశ్న అశోకుడి ‘శాసన’ గురించి. అంటే పరిపాలన గురించి. మా అమ్మాయి రాళ్ళ మీద చెక్కించిన రాతల గురించి రాసింది. రాసినదంతా నిజమే, కానీ అడిగింది అది కాదు.

ట్యూషను మాస్టారు ఒక గైడు ఇచ్చి, రోజుకు రెండు పేజీల చొప్పున బట్టీ పట్టమన్నారు. రాత్రి పది దాటాక కూడా ఆ పిల్ల గైడు ముందు పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది. నేను పదో తరగతితో చదువు ఆపేశాను. పానిపట్టు 1526, ప్లాసీ 1757, బక్సారు 1764 అని అంకెలు వల్లించడం తప్ప చరిత్రలో నాకు ఇంకేమీ మిగల్లేదు. తనకూ అంతే మిగలకూడదని నా కోరిక.

ఇంకొక సంగతి కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిందని పాఠంలో చదివి, “అంతకుముందు మన ఇల్లు ఎక్కడ ఉండేది?” అని అడిగింది. సరిగా చెప్పలేకపోయాను. కొట్టు మూసిన తరువాత రోజూ ఒక గంట తనతో కూర్చోగలను. ఆ గంటలో ఏం చేయమంటారు? తెలిసినవారు చెప్పండి.


జవాబు
రాయగడ నుంచి

మీ బాధ అర్థమైంది సార్. మా అబ్బాయి పరిస్థితీ ఇదే. ఉన్నమాట చెబుతాను. పదో తరగతి పరీక్షకు ఇంకా ఏడాదిన్నరే ఉంది. గైడు వద్దనకండి. పాత ప్రశ్న పత్రాలు అయిదారు సంపాదించి చేయించండి, అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతారు. చిన్న ప్రశ్నల్లో మార్కులు తెచ్చుకుంటే పెద్ద జవాబుల్లో భాష తడబడినా గట్టెక్కుతుంది. మా అబ్బాయి అలాగే గట్టెక్కాడు. ఆ తరువాత సైన్సు తీసుకున్నాడు, చరిత్ర పుస్తకం మళ్ళీ ముట్టుకోలేదు.


జవాబు
బరంపురం నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు

అయ్యా, గంజాం జిల్లా ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి. తెలుగు ఇంట్లో పుట్టి ఒడియాలో పాఠం చెప్పాను. మీ అమ్మాయి రాసిన జవాబును నేను చాలాసార్లు దిద్దాను. చాలామంది తెలుగు పిల్లలు అదే రాస్తారు. అది తెలివితక్కువతనం కాదు. ‘శిల్ప విప్లవ’ అన్న మాట చూసి కోణార్క దాకా వెళ్ళి, కూలి గురించి ఆలోచించి, తిరుగుబాటుకు ఒక కారణం ఊహించిందంటే, చరిత్ర చదవడానికి కావలసిన బుర్ర ఆ పిల్లకు ఉంది. లేనిది మాట ఒక్కటే.

అందుకని మొదట ఒక నోటు పుస్తకం కొనండి. ఎడమ పక్క ఒడియా మాట, కుడి పక్క మన మాట. తెలియని మాటలతో పెద్ద ప్రమాదం లేదు, వాటిని పిల్లలు అడుగుతారు. తెలిసినట్టు కనిపించే మాటలే ముంచుతాయి. అసలు ఈ సబ్జెక్టు పేరే చూడండి. ఒడియాలో ‘ఇతిహాస’ అంటే చరిత్ర. మనకు ఇతిహాసం అంటే రామాయణ భారతాలు. మన ‘చరిత్ర’ ఒడియాలో మనిషి స్వభావం, నడవడి. ‘ఉపన్యాస’ అంటే అక్కడ నవల, మనకు సభలో ప్రసంగం. ‘చాకిరి’ అంటే వాళ్ళకు గౌరవమైన ఉద్యోగం, మనకు గొడ్డు చాకిరీ. శాసనానికి వాళ్ళు వాడే మాట ‘శిలాలేఖ’. ఇలాంటివి ఒక అరవై మాటలు ఉంటాయి. నెల రోజులు పడుతుంది. ఆ నెల పాఠాలు ముందుకు సాగకపోయినా కంగారు పడకండి.

తరువాత సంవత్సరాల సంగతి. మీది బట్టల కొట్టు అన్నారు కాబట్టి చెబుతున్నాను. తెల్లబట్ట తాను ఒకటి తీయండి. సెంటీమీటరుకు ఒక సంవత్సరం. ఒక కొసన ఈ సంవత్సరం పెట్టి, అక్కడి నుంచి వెనక్కి కొలవమనండి. ఒడిశా రాష్ట్రం పుట్టిన 1936 మీటరులోపే వచ్చేస్తుంది. ప్లాసీ యుద్ధం మూడు మీటర్ల లోపు. పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడి పట్టాభిషేకం తొమ్మిదిన్నర మీటర్ల దగ్గర. కళింగ యుద్ధం, అంటే క్రీస్తు పూర్వం 261 ప్రాంతం, దాదాపు ఇరవై మూడు మీటర్ల దూరాన. లెక్కలు వచ్చిన పిల్లకు ఈ దూరాలు చేతికి తెలియాలి. తెల్లవాళ్ళ పాలన మొత్తం ఆ తానులో రెండు మీటర్లు కూడా లేదని తెలిసినప్పుడు మా తరగతి ఒకసారి నిశ్శబ్దమైపోయింది.

చోడగంగదేవుడి పేరు ఎత్తాను కాబట్టి ఇంకొంచెం చెప్పనివ్వండి, అది మీ ఊరికి దగ్గరి కథ. ఆయన పట్టాభిషేకం శక సంవత్సరం 999లో జరిగిందని రాగిరేకుల మీద ఉంది. శకానికి 78 కలిపితే మన లెక్క వస్తుందని పుస్తకంలో ఉంటుంది. కలిపితే 1077. కానీ పుస్తకాలు 1078 అంటాయి. ఎందుకు? ఆ రేకులు కుంభ మాసమని కూడా చెబుతున్నాయి, అంటే ఫిబ్రవరి ప్రాంతం. శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి చైత్రం వచ్చేదాకా ఉన్న నెలలకు 79 కలపాలి. ఈ లెక్క మీ అమ్మాయితో చేయించండి, తను చేసిన లెక్కను తను మరిచిపోదు. మీ ఇంట్లో పాత జమీందారీ రసీదులు ఏమైనా ఉంటే వాటి మీద ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ జూలైలో మొదలవుతుంది.

ఆ గంగరాజుల రాజధాని కళింగనగరం. అది నేటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగమని శాసనాలు చదివి చూపించినవారు గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగుగా తెలుగువారందరికీ ఆయన తెలుసు. మీ పర్లాకిమిడిలో బడిపంతులుగా ఆయన పిల్లలకు చరిత్ర పాఠం చెప్పారన్న సంగతి ఎందరికి గుర్తుంది? 1880లో రాజావారి బడిలో చేరారు. చరిత్ర చెప్పవలసి వచ్చింది కాబట్టి పుస్తకంలో ఉన్నదానితో ఊరుకోక, వంశధార ఒడ్డున ముఖలింగం గుళ్ళకు వెళ్ళి గోడల మీది పాత లిపి తనంతట తాను నేర్చుకుని చదివారు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆయన పెరటి చెట్టుతోనే వైద్యం చేశారు. మీ అమ్మాయి నడిచే వీధుల్లో నడిచిన మనిషి. తనకు ఆయన గురించి భాషా దినోత్సవం రోజున మాత్రమే చెబితే సరిపోదు.

ఇక అసలు మాట. చరిత్ర పుస్తకంలో ప్రతి వాక్యం దగ్గరా పిల్ల అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది మనకు ఎలా తెలిసింది? నా ఉద్యోగంలో నేను గట్టిగా నమ్మింది ఇదొక్కటే. పుస్తకాల్లో ఇది మొదటి పాఠంలో ఒకటి రెండు పేజీలుగా ఉంటుంది. ‘ఆధారాలు’ అని పేరు పెట్టి జాబితా ఇచ్చి ముందుకు వెళ్ళిపోతారు.

బరంపురానికి ఉత్తరాన, పురుషోత్తమపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. అశోకుడు రాయి మీద చెక్కించిన ధర్మలిపులు, అంటే ఆయన శాసనాలు, అక్కడ ఉన్నాయి. ఏటా తొమ్మిదో తరగతిని అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. బస్సు ఖర్చు పిల్లల దగ్గరా నా దగ్గరా పోగుచేసుకునేవాళ్ళం. పులిహోర ఎవరింటి నుంచి వారు తెచ్చుకునేవారు. వెళ్ళేముందు తరగతిలో బ్రాహ్మీ అక్షరాలు పది నేర్పేవాణ్ణి. ‘క’ అంటే కూడిక గుర్తు. ‘ఠ’ ఉత్త సున్నా. ఒడియాలో అది ఇప్పటికీ సున్నాలాగే ఉందని ఏటా ఎవరో ఒకరు ముందు కనిపెట్టి అరిచేవారు. రెండువేల రెండువందల ఏళ్ళ నాటి రాయి మీద ఒక్క అక్షరం పోల్చుకున్న పిల్లవాడి ముఖం చూడాలి. ఆ ముఖాల కోసమే నేను ఈ వృత్తిలో ఉన్నాననిపించేది.

అక్కడ పిల్లలను కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారనీ, లక్షా యాభై వేల మందిని పట్టుకుపోయారనీ, అశోకుడు బాధపడ్డాడనీ మనకు ఎలా తెలుసు? ఆయనే చెప్పుకున్నాడు, పదమూడో లిపిలో. ఆ లిపి ఈ రాయి మీద ఎక్కడ ఉందో వెతకండి అనేవాణ్ణి. దొరకదు. జౌగడలో పదకొండు, పన్నెండు, పదమూడు లేవు. భువనేశ్వర్ దగ్గర ధౌళిలోనూ లేవు. ఎక్కడో పడమటి కొసన, నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఉంది, గుజరాత్ గిర్నార్‌లో ఉంది, మన కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది. యుద్ధం జరిగిన కళింగంలో మాత్రం లేదు. దానికి బదులు ఇక్కడ వేరే రెండు లిపులు చెక్కించాడు. అందరు మనుషులూ నా బిడ్డలు అని వాటిలో ఉంది. జౌగడకు అప్పటి పేరు సమాపా. అక్కడి అధికారులను ఉద్దేశించి, కారణం లేకుండా ఎవరినీ బంధించవద్దని, హింసించవద్దని ఉంది. తిష్య నక్షత్రం రోజున దీన్ని జనానికి చదివి వినిపించాలని ఉంది.

ఎందుకు ఇలా చేశాడు? ఒక ఏడు ఒక పిల్లవాడు లేచి, “ఓడినవాళ్ళ ఊళ్ళోనే, మీవాళ్ళను ఇంతమందిని చంపానని ఎవరైనా రాయించుకుంటారా సార్” అన్నాడు. వెంటనే ఒక అమ్మాయి, “క్షమించమని అడగాలంటే ఇక్కడే అడగాలి కదా, మరి ఎక్కడో అడిగితే ఏం లాభం” అంది. బస్సులో బరంపురం వచ్చేదాకా ఆ ఇద్దరి వెనకా తరగతి రెండు జట్లయి వాదించుకుంది. రాయి ఆ ఇద్దరి మాటనూ నిరూపించదు, లేనిది లేదని మాత్రమే చెబుతుంది, మిగిలినది మనం ఆలోచించుకోవాలి అని చెప్పాను. ఆ ఏడు ఆ పాఠం ఎవరూ బట్టీ పట్టలేదు, ఎవరూ మరిచిపోలేదు.

రాయగడవారి మాటను నేను కాదనను. పరీక్ష రాయాలి, పాత పత్రాలు చేయించాలి. కానీ గైడు జవాబు చదివించే ముందు ఆ పాఠం మీకు తెలుగులో కథలా చెప్పమనండి. చెప్పగలిగితే, అదే సంగతి ఒడియాలో అయిదు వాక్యాలు రాయమనండి. రోజుకు ఒక్కటి చాలు. ఆ వరుస తప్పవద్దు: మొదట తన భాషలో అర్థం, తరువాత పరీక్ష భాషలో వాక్యం. తలకిందులు చేస్తే ఆ పిల్ల రాత్రి పదింటికి మళ్ళీ ఏడుస్తుంది.


జవాబు
సిరొంచ నుంచి

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పర్లాకిమిడి బాబాయిగారూ, మీ అమ్మాయికి చెప్పండి, మహారాష్ట్ర కొసన గోదావరి, ప్రాణహిత కలిసే చోట కూడా ఒక తెలుగు పిల్ల ఇలాగే సున్నాలు తెచ్చుకుందని.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. అవతలి ఒడ్డు కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఇప్పుడు డిగ్రీలో చరిత్ర చదువుతున్నాను. మరాఠీలోనూ చరిత్రను ‘ఇతిహాస’ అనే అంటారు. ‘చరిత్ర’ అంటే ఒకరి జీవిత కథ. మీ అమ్మాయికి శిల్పులు అడ్డం వచ్చినట్టు నాకు ఉద్యోగస్తులు అడ్డం వచ్చారు. పారిశ్రామిక విప్లవాన్ని ఇక్కడ ‘ఔద్యోగిక క్రాంతి’ అంటారు. క్రాంతి అనగానే నాకు సంక్రాంతి తోచింది, ఔద్యోగిక అనగానే ఉద్యోగాలు. అందరికీ ఉద్యోగాలు వచ్చిన మంచి రోజులు అని రాశాను. తరగతిలో చదివి వినిపించారు, అందరూ నవ్వారు. ఆ రోజు తరువాత మూడేళ్ళు చరిత్ర తరగతిలో చెయ్యి ఎత్తలేదు. అందుకే మీరు ఆ జవాబు పత్రాన్ని పూర్తిగా చదివారని తెలిసి నాకు కళ్ళు చెమర్చాయి.

నన్ను మార్చింది పదో తరగతి పుస్తకం. మాకు చరిత్ర, రాజనీతి శాస్త్రం కలిపి నలభై మార్కుల పత్రం, భూగోళం ఇంకొక నలభై. పుస్తకం తెరిస్తే రాజులు లేరు, యుద్ధాలు లేవు. మొదటి పాఠమే చరిత్రను ఎలా రాస్తారు అన్నది. వోల్టేర్, హెగెల్, రాంకే, మార్క్స్, ఫూకో అని నోరు తిరగని పేర్లు. తరువాతి పాఠం మన దేశంలో చరిత్ర రచన. ఆ తరువాత కళలు, పత్రికలు, ఆటలు, పర్యాటకం, వారసత్వ కట్టడాల సంరక్షణ. చాలామంది ఇదేం చరిత్ర అని విసుక్కున్నారు. పాత పత్రాలను స్వయంగా చూడకుండా గతం గురించి మాట్లాడవద్దని రాంకే అన్నాడని చదివినప్పుడు నాకు మాత్రం ఏదో తలుపు తీసినట్టయింది. అప్పటిదాకా పుస్తకం చెప్పింది ఒప్పుకోవడమే చదువు అనుకున్నాను.

మా పుస్తకాల్లో ఆధారాలు మూడు రకాలని చిన్న తరగతుల నుంచీ చెబుతారు: వస్తువులు, రాతలు, నోటిమాటలు. తిరగలి దగ్గర ఆడవాళ్ళు పాడుకునే పాటలు మూడో రకంలోకి వస్తాయి. అది చదివిన రాత్రి మా నానమ్మ దగ్గర కూర్చుని తిరగలి పాటలు పాడించుకున్నాను. ఆమె పాడినవి తెలుగు పాటలు, మధ్యలో కొన్ని గోండి మాటలు, ఒకటి రెండు మరాఠీ మాటలు. ఒక పాటలో ఏరు పొంగి నావ ఆగిపోతుంది, అవతలి ఒడ్డున పుట్టిల్లు కనిపిస్తూ ఉంటుంది. ఇప్పుడు గోదావరి మీద వంతెన ఉంది, పదిహేను నిమిషాల్లో దాటుతున్నాం. వంతెన లేనప్పుడు ఇవతలి ఒడ్డుకు కోడలిగా రావడమంటే ఏమిటో ఏ గెజిటీరులోనూ చదవలేదు, ఆ పాటలోనే విన్నాను.

ఇంకొక్కటి చెబుతాను. 1857 అనగానే ఝాన్సీ, మీరట్, కాన్పూరు అని రాసేదాన్ని. మా జిల్లా వైపు గోండు జమీందారు బాబూరావ్ సెడ్మాకే 1858లో తెల్లవాళ్ళ మీద తిరగబడ్డాడు. ఆ ఏడు అక్టోబరు 21న చాందా జైలులో ఉరి తీశారు. చాందా అంటే నేటి చంద్రపూర్. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. నేను డిగ్రీకి వచ్చాక గానీ ఆయన గురించి పూర్తిగా చదవలేదు. మా ఊరే ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం అని కూడా అప్పుడే తెలిసింది. మీ అమ్మాయి “మన ఇల్లు ఎక్కడ ఉండేది” అని తొమ్మిదో తరగతిలోనే అడిగింది. నేను అడగడానికి ఇంకా నాలుగేళ్ళు పట్టింది. ఆ ప్రశ్నను పరీక్షల తరువాత చూద్దామని పక్కన పెట్టించకండి.


జవాబు
పాతపట్నం నుంచి

ఆ ప్రశ్నకు జవాబు నేను చెబుతాను బాబూ. నాది మీ ఊరే, పెళ్ళయి పాతపట్నం వచ్చాను. మీకూ మాకూ మధ్య నాలుగైదు మైళ్ళు కూడా లేదు, రాష్ట్రాలు మాత్రం వేరు.

1936కు ముందు మీ ఇల్లూ మా ఇల్లూ మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో), గంజాం జిల్లాలో, పర్లాకిమిడి జమీందారీలోనే ఉండేవి. సరిహద్దు తేల్చడానికి 1931లో ఓడనెల్ కమిటీ వేశారు. ఏ ఊళ్ళో ఎవరి మాతృభాష ఏది అన్నదే పెద్ద తగవు. ఆఖరుకు జమీందారీ రెండు ముక్కలైంది. పట్నం, కొండప్రాంతం ఒడిశాకు పోయాయి, పల్లపు ఊళ్ళు చాలావరకు మద్రాసులో మిగిలాయి. మీ రాజావారు కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ 1937లో ఒడిశాకు మొదటి ప్రధానమంత్రి అయ్యారు, ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు.

మా అత్తగారు 1930లో పాతపట్నంలో పుట్టారు. పుట్టినప్పుడు గంజాం జిల్లా, ఆరో ఏట విశాఖపట్నం జిల్లా, 1950లో శ్రీకాకుళం జిల్లా. రాష్ట్రం పేరు మద్రాసు, 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్. ఇల్లు మాత్రం అదే, నూతి పక్కన జామచెట్టు ఉన్న ఇల్లు. మీ వైపు గంజాంలోనే ఉండి 1992లో గజపతి జిల్లా అయ్యారు. అమ్మాయిని ఒక ఆదివారం మా ఇంటికి తీసుకురండి. అత్తగారు లేరు గానీ ఆవిడ చెప్పినవి నాకు గుర్తున్నాయి.


తిరిగి పర్లాకిమిడి నుంచి

మాస్టారికి, సిరొంచ అమ్మాయికి, పాతపట్నం అక్కగారికి, రాయగడ మిత్రుడికి నమస్కారాలు. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, చేసి చూశాక చెప్పాలని.

మాటల నోటు పుస్తకంలో నలభై రెండు మాటలు చేరాయి. అందులో సగం మా అమ్మాయి తానే పట్టుకుంది. ఇంట్లో ఎవరు ఏ మాటన్నా “ఇది ఒడియాలో వేరు” అని పరిగెత్తి రాసుకుంటోంది.

బట్ట తాను కూడా పరిచాం. కొట్టు అంత పొడుగు లేదు కాబట్టి నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకు మడతలు వేస్తూ పరిచాం. దర్జీ సుద్దతో తను గుర్తులు పెట్టింది. కళింగ యుద్ధం తలుపు దాటి అరుగు మీదికి పోయింది. 1936 గుర్తు దగ్గర చాలాసేపు కూర్చుని జానతో కొలుచుకుంది. “తాతయ్య నాన్న ఈ జానలో ఉన్నారా” అంది. ఉన్నారని చెప్పాను.

ఆ మాట మీద మా నాన్నగారి ట్రంకు పెట్టె దించాం. అడుగున ఒక రసీదు దొరికింది, మడతల దగ్గర చిరిగింది. ఎస్టేటుకు శిస్తు కట్టినట్టు రసీదు. అంతా తెలుగులో ఉంది. ఊరి పేరు, గంజాం జిల్లా, మా ముత్తాతగారి పేరు, ఫసలీ 1339. తనే 590 కలిపింది. 1929 అంది. కాసేపు ఆగి, “జూలైలో మొదలైతే 1930 జూన్ దాకా రావచ్చు, నెల కనబడడం లేదు కాబట్టి ఏ ఏడాదో చెప్పలేను” అంది. మాస్టారూ, లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న రోజున కూడా నేను ఇంత సంతోషపడలేదు.

నిన్న ట్యూషను పరీక్షలో పారిశ్రామిక విప్లవం మళ్ళీ వచ్చింది. ఆవిరి యంత్రం, నూలు మిల్లులు, ఊళ్ళు వదిలి పట్నాలకు పోయిన పనివాళ్ళ గురించి రాసింది. ఒడియాలో రెండు చోట్ల వాక్యం తప్పింది, పదికి ఆరు వచ్చాయి. మన చేనేతవాళ్ళకు దానివల్ల ఏమైందో పాఠంలో లేదని నన్ను అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను, నాది బట్టల వ్యాపారమే కదా.

ఇప్పుడు తన ప్రశ్న ఒకటి మీకు పంపిస్తున్నాను. ఆ రసీదు రాసిన గుమస్తా తెలుగులో రాశాడు. ఆరేడేళ్ళ తరువాత ఊరు ఒడిశాలోకి వచ్చింది. అప్పుడు అతను ఏ భాషలో రాశాడు, లేక అతన్ని తీసేశారా అని. నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఆదివారం జౌగడ వెళ్దామనుకుంటున్నాం. ఎలా వెళ్ళాలో, ఏం తీసుకెళ్ళాలో కూడా చెప్పండి.


జవాబు
బరంపురం నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు

ముందు బరంపురం రండి, అక్కడి నుంచి పురుషోత్తమపూర్ బస్సు ఎక్కించే పూచీ నాది. నేనూ మీతో వస్తాను, వెళ్ళి చాలా ఏళ్ళయింది. తాగడానికి నీళ్ళు, గొడుగు, ఆ మాటల నోటు పుస్తకం తెచ్చుకోండి. రాయిని చేత్తో తాకవద్దని అమ్మాయికి ముందే చెప్పండి. బ్రాహ్మీలో పది అక్షరాలు కాగితం మీద రాసి ఉంచుతాను, బస్సులో నేర్చుకోవచ్చు.

గుమస్తా గురించి నేను ఊహించి చెప్పను. ఒక్క రసీదు ఉంటే ప్రశ్న పుడుతుంది, జవాబుకు రెండోది కావాలి. ఫసలీ 1346, లేదా ఆ తరువాతిది ట్రంకులో ఉందేమో మళ్ళీ వెతకమనండి. మీ ఇంట్లో లేకపోతే వీధిలో పాత ఇళ్ళవాళ్ళను అడగమనండి. దొరికితే చేవ్రాలు రెండింటిలోనూ ఒకటేనా అన్నది ముందు చూడాలి, భాష తరువాత.